'నక్షత్రంలో వింత పదార్థం' వార్త వస్తే: నమ్మాలా, ఆగాలా అని మీరే తేల్చుకునే పద్ధతి

"ఫలానా నక్షత్రంలో క్వార్క్ పదార్థం దొరికిందట, నిజమేనా?" ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తూనే ఉంది. (ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల ఉండే అతి చిన్న కణాలే క్వార్కులు.) ఒక్కో వార్తకు విడివిడిగా జవాబు చెప్పే బదులు, ఏ వార్తనైనా ఎవరికి వారు పరీక్షించుకునే పద్ధతి ఒకటి రాసిపెడుతున్నాను. ఇంటర్ స్థాయి లెక్కలు, కాస్త ఓపిక ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏ నక్షత్రం లోపలి పదార్థాన్నీ ఎవరూ నేరుగా చూడలేదు. మనకు అందేది ఎక్కువగా కాంతి, ఎప్పుడైనా గురుత్వ తరంగాలు. కాంతి నుంచి ఉష్ణోగ్రత, దాన్నుంచి సైజు, సైజు నుంచి సాంద్రత, సాంద్రత నుంచి పదార్థం. ఇలా మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ పైకి వెళతారు. ఆ మెట్లలో ఏది కదులుతోందో పట్టుకోవడమే మన పని.

1. ముందు దగ్గర పెట్టుకోవలసినవి

□ ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైటు. భౌతికశాస్త్ర పేపర్లు ఉచితంగా దొరికే చోటు.
□ నాసా ఏడీఎస్. ఒక పేపర్ని తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో చూపిస్తుంది. ఇదీ ఉచితమే.
□ ఫోన్లో క్యాలిక్యులేటర్, ఒక తెల్ల కాగితం.
□ కింది అంకెలు:

- న్యూట్రాన్ నక్షత్రం (పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే, దాదాపు న్యూట్రాన్లతోనే నిండిన చిన్న గట్టి శేషం) ద్రవ్యరాశి: మామూలుగా సూర్యుడికి 1.2 నుంచి 2 రెట్లు. 1.4 దగ్గర చాలా ఉంటాయి.
- వ్యాసార్ధం: సుమారు 11 నుంచి 13 కి.మీ.
- పరమాణు కేంద్రకం సాంద్రత: ఘన సెంటీమీటరుకు దాదాపు 27 కోట్ల టన్నులు. న్యూట్రాన్ నక్షత్రం నడిమధ్యలో ఇంతకు కొన్ని రెట్లు ఉంటుంది.
- 1 పార్సెక్ = 3.26 కాంతి సంవత్సరాలు.
- బాగా కొలిచిన భారీ న్యూట్రాన్ నక్షత్రాల్లో ఒకటి: పీఎస్‌ఆర్ జె0740+6620, సూర్యుడికి 2.08 రెట్లు, అటూ ఇటూ 0.07.

చివరి అంకెతో చాలా పని ఉంది. నక్షత్రం లోపల ఏ వింత పదార్థం ఉందని చెప్పినా, అది రెండు సూర్యుల బరువు పైన పడినా కుప్పకూలకుండా నిలబడాలి. 2010లో పీఎస్‌ఆర్ జె1614-2230 అనే పల్సార్ (తిరుగుతూ మెరుస్తున్నట్టు కనిపించే న్యూట్రాన్ నక్షత్రం) ద్రవ్యరాశి 1.97 సూర్యులు అని తేలినప్పుడు, అప్పటిదాకా చలామణీలో ఉన్న 'మెత్తటి' (ఒత్తిడికి తేలిగ్గా నలిగే) పదార్థాల సిద్ధాంతాలు చాలా వరకు పక్కకు పోయాయి. వార్తలో చెప్పిన పదార్థం ఈ పరీక్ష నెగ్గుతుందా అన్నది మీ మొదటి జల్లెడ.

2. హెడ్డింగును ఒక్క వాక్యానికి కుదించండి

కాగితం మీద రెండు విషయాలు రాయండి. ఏ పదార్థం? ఎంత గట్టిగా చెబుతున్నారు?

'వింత పదార్థం' అన్న ఒకే మాట కింద పొంతన లేని సంగతులు చాలా వస్తాయి:

- కోర్‌లో హైపరాన్లు. అంటే స్ట్రేంజ్ క్వార్క్ ఉన్న బరువైన కణాలు. ఇది పెద్ద సంచలనమేమీ కాదు.
- కోర్‌లో మాత్రం విడిపోయిన క్వార్కులు, పైన మామూలు న్యూట్రాన్ పదార్థం.
- పై నుంచి కింది దాకా మొత్తం క్వార్క్ నక్షత్రం. స్ట్రేంజ్ క్వార్కులు కలిసిన పదార్థమే మామూలు పదార్థం కన్నా స్థిరమైనదని భౌతికశాస్త్రవేత్తలు బోడ్మర్ 1971లో, విట్టెన్ 1984లో ప్రతిపాదించిన ఊహ మీద ఇది ఆధారపడుతుంది.
- డార్క్ మేటర్ (కంటికి కనిపించని, గురుత్వం ద్వారానే తెలిసే పదార్థం) శక్తితో వెలిగే తొలి నక్షత్రాలు.
- యాంటీమేటర్ (మామూలు పదార్థానికి విరుద్ధ ఆవేశం ఉన్న జోడీ పదార్థం) నక్షత్రాలు.

రెండోదానికి ఆధారం దొరికితే మూడోది రుజువైనట్టు కాదు. వార్తలు తరచూ కలగాపులగం చేసేది ఈ రెండింటినే.

ఇక ఎంత గట్టిగా అన్నది. 'కనుగొన్నారు', 'ఆధారం ఉంది', 'సూచన ఉంది', 'పొసుగుతోంది', 'లేదని చెప్పలేం'. ఇవి ఐదూ ఐదు వేర్వేరు స్థాయిలు. పేపర్లో ఏది ఉంది, వార్తలో ఏది ఉంది అని పక్కపక్కన రాసుకోండి.

2021లో "14 యాంటీ నక్షత్రాలు" అని వార్తలు తిరిగాయి. ఫెర్మి టెలిస్కోపు పదేళ్లలో జాబితా కట్టిన 5,787 గామా కిరణ మూలాల్లో, యాంటీ నక్షత్రం ఇలా ఉండొచ్చేమో అన్న లక్షణాలకు సరిపోయినవి 14 మిగిలాయి. అంతవరకే. ఆ పేపరు అసలు ఉద్దేశం యాంటీ నక్షత్రాలు 'ఇంతకు మించి ఉండలేవు' అని గీత గీయడం. శీర్షికలోనే ఆ సంగతి ఉంది. గరిష్ఠ పరిమితి కాస్తా వార్తలో లెక్కింపు అయిపోయింది.

3. అసలు పేపరు తెరిచి, ఈ వరుసలో చదవండి

సంస్థ విడుదల చేసిన ప్రెస్ నోటుతో ఆగిపోకండి. పేపరు ముందు నుంచి వెనక్కి చదవనక్కర్లేదు.

1. అబ్‌స్ట్రాక్ట్ (పేపరు మొదట్లో ఉండే సారాంశం) చివరి రెండు వాక్యాలు. అసలు మాట అక్కడే ఉంటుంది.
2. బొమ్మల కింది వివరణలు. చుక్కల పక్కన గీతలు ఎంత పొడవున్నాయో చూడండి. కొలతలో ఉన్న అనిశ్చితి అదే.
3. 'అనుకుంటే', 'స్థిరంగా తీసుకున్నాం' అన్న అర్థం వచ్చే వాక్యాలన్నీ. ఒక్కటీ వదలకుండా కాగితం మీదికి ఎక్కించండి.
4. చర్చ భాగంలో ఇతర వివరణల పేరా.

సమీకరణాలు అర్థం కాకపోతే టెన్షన్ పడొద్దు. మూడో పని సరిగ్గా చేస్తే ముప్పావు వంతు పని అయిపోయినట్టే.

4. మెట్ల పటం గీయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఒక పాత కేసు తీసుకుని పూర్తిగా చేసి చూపిస్తాను.

2002 ఏప్రిల్ 10న నాసా ఒక ప్రకటన చేసింది. చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు చూసిన రెండు నక్షత్రాల్లో కొత్త రూపంలోని పదార్థానికి ఆధారం కనిపిస్తోందన్నారు. ఒకటి ఆర్‌ఎక్స్ జె1856.5-3754, రెండోది 3సీ58 అనే నెబ్యులా (పేలిన నక్షత్రం మిగిల్చిన మేఘం) లోపలిది. మొదటిదాని వ్యాసార్ధం 3.8 నుంచి 8.2 కి.మీ. మధ్య ఉందని, న్యూట్రాన్ నక్షత్రం అంత చిన్నగా ఉండలేదని, కాబట్టి క్వార్క్ నక్షత్రం కావచ్చని వాదన.

మెట్లు ఇలా రాయాలి:

- మెట్టు 1: ఎక్స్‌రే ఫొటాన్లు లెక్కపెట్టారు. (కొలత)
- మెట్టు 2: స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎంత వెలుగు వస్తోందో చూపే గ్రాఫు) నునుపుగా, గీతలు లేకుండా, 7 లక్షల డిగ్రీల వేడి వస్తువులా ఉంది. (కొలత, కొంత మోడల్)
- మెట్టు 3: దూరం సుమారు 140 పార్సెక్‌లు. (వేరే కొలత)
- మెట్టు 4: ఎక్స్‌రేలు నక్షత్రం ఉపరితలం మొత్తం నుంచి సమానంగా వస్తున్నాయి. (ఊహ)
- మెట్టు 5: కాబట్టి వ్యాసార్ధం ఇంత. (లెక్క)
- మెట్టు 6: ఇంత చిన్నదంటే క్వార్క్ పదార్థం. (వ్యాఖ్యానం)

ఇప్పుడు ఒక్కో మెట్టునూ కదిపి చూడాలి. మనకు అందే వెలుగు వ్యాసార్ధం వర్గానికీ, ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికీ అనులోమంగా, దూరం వర్గానికి విలోమంగా ఉంటుంది. రాత్రి హైవే మీద ఎదురుగా వచ్చే లైటు ఎంత దూరంలో ఉందో తెలియకపోతే అది లారీదో, బైకుదో చెప్పలేం కదా, ఇదీ అంతే. దూరం రెట్టింపయితే లెక్కలో వ్యాసార్ధం కూడా రెట్టింపవుతుంది. ఉష్ణోగ్రతను 10 శాతం తగ్గిస్తే వ్యాసార్ధం సుమారు 23 శాతం పెరుగుతుంది.

ఈ నక్షత్రానికే హబుల్ కొలతల నుంచి అప్పట్లో ఒకరు 60 పార్సెక్‌లని, మరొకరు 140 అని చెప్పారు. ఒకటి రెండోదానికి రెండు రెట్లకు పైనే. అయితే వాదన చేసినవాళ్లు పెద్ద దూరాన్నే తీసుకున్నారు, కాబట్టి ఈ మెట్టు గట్టిదే. నిజాయితీగా పరీక్షించాలంటే ఇలాంటివీ ఒప్పుకోవాలి.

కదిలింది నాలుగో మెట్టు. హబుల్‌లో మామూలు కాంతిలో చూస్తే, ఎక్స్‌రే స్పెక్ట్రమ్ చెప్పినదానికన్నా ఆ నక్షత్రం చాలా రెట్లు ప్రకాశంగా ఉంది. అంటే కాస్త చల్లగా ఉన్న ఉపరితలం ఇంకా పెద్దది ఉంది, ఎక్స్‌రేలు అందులో వేడెక్కిన భాగం నుంచే వస్తున్నాయి అనుకోవచ్చు. అప్పుడు కొలిచింది నక్షత్రం సైజు కాదు, వేడి మచ్చ సైజు.

మచ్చ ఉంటే నక్షత్రం తిరుగుతున్నప్పుడు వెలుగు హెచ్చుతగ్గులవ్వాలి కదా? అలాంటి మినుకు కనిపించలేదన్నది 2002 పేపర్లో బలమైన వాదనే. కానీ ఆ పేపర్లోనే పక్కన ఇంకో అంకె ఉంది: వాళ్ల డేటాతో 2.7 శాతానికి మించిన మినుకు అయితేనే పట్టుకోగలరు. 2007లో ఎక్స్‌ఎంఎం-న్యూటన్ టెలిస్కోపు డేటాలో మినుకు దొరికింది. 7.06 సెకన్లకోసారి, సుమారు 1.2 శాతం. వార్తల్లో 'మినుకు లేదు' అని వచ్చింది. పేపరు చెప్పింది 'ఇంతకన్నా పెద్ద మినుకు లేదు' అని. ఇలాంటి చోట్ల పెన్నుతో గీత పెట్టుకోండి.

అదే ఏడాది పలచని హైడ్రోజన్ పొర ఉన్న మోడల్‌తో లెక్కేస్తే, 140 పార్సెక్‌ల దూరానికి కనిపించే వ్యాసార్ధం సుమారు 17 కి.మీ. వచ్చింది. మామూలు న్యూట్రాన్ నక్షత్రానికి ఇది సరిపోతుంది. గురుత్వం వెలుగును వంచడం వల్ల నక్షత్రం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. 1.4 సూర్యుల ద్రవ్యరాశి, 12 కి.మీ. వ్యాసార్ధం ఉన్న నక్షత్రం మనకు దాదాపు 15 కి.మీ.గా కనిపిస్తుంది. వార్తలో ఇచ్చింది కనిపించే వ్యాసార్ధమా, అసలుదా అన్నది ఎప్పుడూ చూసుకోండి.

రెండో నక్షత్రం కథ చిన్నదే. 3సీ58లోని నక్షత్రం దాని వయసుకు మరీ చల్లగా ఉంది, కాబట్టి లోపల ఏదో అసాధారణంగా ఉంది అన్నారు. వయసు ఎలా తెలిసింది? 1181లో చైనా, జపాన్ పరిశీలకులు చూసిన పేలుడు శేషమే ఇది అనుకున్నారు. అయితే ఆ నెబ్యులా వ్యాకోచాన్ని రేడియోలో కొలిస్తే వయసు కొన్ని వేల ఏళ్లని వచ్చింది. 2021 నుంచి 1181 పేలుడుకు పీఏ 30 అనే వేరే నెబ్యులాను జత చేస్తున్నారు. వయసు పెరిగితే చల్లబడటంలో వింత చాలావరకు తగ్గిపోతుంది. ఇక్కడ కదిలింది చరిత్ర పుస్తకం నుంచి వచ్చిన మెట్టు!

5. ఒక అంచనా మార్చి మళ్లీ లెక్కేయండి

2022 అక్టోబరులో హెచ్‌ఈఎస్‌ఎస్ జె1731-347 అనే నక్షత్రం గురించి వార్త వచ్చింది. ద్రవ్యరాశి 0.77 సూర్యులు, వ్యాసార్ధం 10.4 కి.మీ. ఇంత తేలికైన న్యూట్రాన్ నక్షత్రం ఎలా పుడుతుందో ఎవరికీ సరిగ్గా అంతుపట్టదు, అందుకే క్వార్క్ నక్షత్రమేమో అన్నారు.

అంచనాల జాబితా: ఉపరితలం మీద కార్బన్ పొర, ఉష్ణోగ్రత అంతటా ఒకటే, దూరం 2.5 కిలోపార్సెక్‌లు. 2015లో ఇదే నక్షత్రానికి దూరం 3.2 కిలోపార్సెక్‌లు అనుకుని చేసిన విశ్లేషణలో సుమారు 1.5 సూర్యులు, 12 కి.మీ. వచ్చాయి. పూర్తిగా మామూలు నక్షత్రం! తర్వాత వచ్చిన 2.5 అనే దూరం గాయా (నక్షత్రాల దూరాలు కొలిచిన అంతరిక్ష టెలిస్కోపు) కొలతలతో ముడిపడింది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ కార్బన్ పొర, సమాన ఉష్ణోగ్రత అన్నవాటి మీద 2023లోనే వేరే పరిశోధకులు సందేహాలు లేవనెత్తారు.

అనిశ్చితిని కూడా చూడండి. 0.77కు పై వైపు 0.20, కింది వైపు 0.17. ఇవి 68 శాతం నమ్మకంతో ఇచ్చే హద్దులు. పై వైపు ఉన్న 0.20ను సుమారుగా రెట్టింపు చేస్తే ద్రవ్యరాశి 1.17 దాకా వెళుతుంది. కచ్చితంగా కొలిచిన న్యూట్రాన్ నక్షత్రాల్లో అతి తేలికైనది దాదాపు అంతే. అంటే ఈ ఒక్క కొలతతో 'అసాధ్యమైన నక్షత్రం' అనడానికి కుదరదు, 'ఆసక్తికరం' అనొచ్చు.

6. మామూలు కారణాల జాబితా కొట్టేయండి

పేపరు వీటిలో ఏవి తోసిపుచ్చిందో టిక్ పెట్టండి:

□ వేడి మచ్చ
□ ఉపరితలం మీది వాయు పొర (హైడ్రోజనా, కార్బనా?)
□ దూరం, వయసు
□ అది న్యూట్రాన్ నక్షత్రం కాక చిన్న బ్లాక్‌హోల్ కావడం. 2019 ఆగస్టు 14న గురుత్వ తరంగాల్లో దొరికిన 2.6 సూర్యుల వస్తువు మీద ఇప్పటికీ ఉన్న అనుమానం ఇదే.
□ పరికరం

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. అలా వదిలేయకూడదని చెప్పడానికి 1989 కథ ఒకటి చాలు. సూపర్‌నోవా 1987ఏ (1987లో కనిపించిన నక్షత్ర పేలుడు) మధ్యలో సెకనుకు దాదాపు 1,969 సార్లు మెరిసే పల్సార్ దొరికిందని చిలీలోని సెర్రో టొలోలో అబ్జర్వేటరీలో చేసిన పరిశీలనతో ప్రకటించారు. అంత వేగంగా తిరిగితే మామూలు న్యూట్రాన్ నక్షత్రం చీలిపోయే స్థితికి వస్తుంది. దాంతో స్ట్రేంజ్ క్వార్క్ పదార్థమే అయి ఉండాలంటూ సిద్ధాంతాలు వచ్చాయి. దాని చుట్టూ జూపిటర్ అంత ద్రవ్యరాశి ఉన్న తోడు తిరుగుతోందని కూడా అన్నారు. ఏడాది తిరిగేసరికి తేలిందేమిటంటే, ఆ మెరుపు టెలిస్కోపును గురి పెట్టడానికి వాడిన టీవీ కెమెరా ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చిన గోల. కెమెరా గోలకు క్వార్క్ పదార్థంతో వివరణ రాశారన్నమాట! వాళ్లను ఎగతాళి చేయనక్కర్లేదు, తప్పు పట్టుకుని బయటపెట్టింది కూడా ఆ బృందమే.

కాసియోపియా ఏ అనే పేలుడు శేషంలోని న్యూట్రాన్ నక్షత్రం విషయంలో గొడవ ఇంత తేలిగ్గా తేలలేదు. పదేళ్లలో ఉష్ణోగ్రత 4 శాతం పడిపోయిందని 2010లో చెప్పారు. 2011లో రెండు బృందాలు కోర్‌లో న్యూట్రాన్ల సూపర్‌ఫ్లూయిడ్ (రాపిడి లేకుండా ప్రవహించే స్థితి) ఏర్పడటమే కారణమన్నాయి. 2013లో చంద్రలోనే వేరే పద్ధతిలో తీసిన డేటాతో చూస్తే తగ్గుదల చాలా తక్కువ, అసలు లేదనుకున్నా నడుస్తుంది. డిటెక్టరు ముందున్న ఫిల్టరు మీద ఏళ్లతరబడి ఒక పొర పేరుకుంటోంది. దాని ప్రభావాన్ని ఎంత తీసేయాలన్న దాని మీద జవాబు మారిపోతోంది.

7. శాతాలు కనిపిస్తే 'దేనిలో?' అని అడగండి

2023 డిసెంబరులో హెల్సింకి బృందం ఒక పేపరు వేసింది. అత్యంత భారీ న్యూట్రాన్ నక్షత్రాల నడిమధ్యలో క్వార్క్ పదార్థం ఉండే అవకాశం 80 నుంచి 90 శాతం అని. ఇది మంచి పని. అలాగని ఏదో ఒక నక్షత్రాన్ని పట్టుకుని చూసి ఇచ్చిన మార్కులు కావు అవి. ముందు రకరకాల సాధ్యమైన పదార్థ నమూనాలు తయారుచేసి, కొలతలకు సరిపోయినవాటిని ఉంచి, మిగిలినవాటిలో ఎంత వంతు క్వార్క్ పదార్థంలా ప్రవర్తిస్తున్నాయో చూశారు. మొదట ఏ నమూనాలను సంచిలో వేశారన్న దాని మీద శాతం ఆధారపడుతుంది. పైగా మాట భారీ నక్షత్రాల గురించే. 1.4 సూర్యుల మామూలు నక్షత్రానికి ఈ శాతం అంటగట్టకూడదు.

8. తర్వాత ఏమైందో చూడండి

ఏడీఎస్‌లో పేపరు తెరిచి, దాన్ని ప్రస్తావించిన పేపర్ల జాబితాను తేదీల వరుసలో పెట్టండి. మొదటి ఏడాదిలో వచ్చేవి ఎక్కువగా "ఇది నిజమైతే..." అని మొదలయ్యే సిద్ధాంత పేపర్లు. అవి ఎన్ని ఉన్నా అదనపు సాక్ష్యం కావు. కొత్త డేటా తీసినవి, అదే డేటాను వేరే పద్ధతిలో చూసినవి విడిగా లెక్కపెట్టండి.

ఒకే డేటాకు రెండు బృందాలుంటే ఇంకా మంచిది. 2021లో నైసర్ టెలిస్కోపు డేటాతో పీఎస్‌ఆర్ జె0740+6620 వ్యాసార్ధం ఒక బృందానికి 12.4 కి.మీ., ఇంకో బృందానికి 13.7 కి.మీ. వచ్చింది. హద్దులు కలుస్తున్నాయి కాబట్టి ఇది కొట్లాట కాదు. కానీ ఎవరైనా 'అర కిలోమీటరు తేడా వల్ల క్వార్క్ నక్షత్రం' అంటే ఈ రెండు అంకెలు గుర్తు చేసుకోండి.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*తప్పు:* మిలియన్, బిలియన్‌లను తెలుగులోకి తేవడంలో సున్నాలు జారిపోవడం. *సవరణ:* 1 మిలియన్ = 10 లక్షలు, 1 బిలియన్ = 100 కోట్లు. తెలుగు వార్తలో అంకె అనుమానంగా ఉంటే పేపర్లోని అంకెతో పోల్చండి.

*తప్పు:* "నాసా చెప్పింది" అని ఆగిపోవడం. *సవరణ:* పేపరు రాసినవాళ్లు ఏం చెప్పారో చూడండి. 2002 పేపరు అబ్‌స్ట్రాక్ట్‌లో కూడా 'ఆధారాలను పైకి కనిపిస్తున్నట్టే తీసుకుంటే' అన్న షరతు ఉంది.

*తప్పు:* రంగురంగుల బొమ్మను ఫొటో అనుకోవడం. *సవరణ:* బొమ్మ కింద 'చిత్రకారుడి ఊహ' అని ఉందేమో చూడండి. దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

*తప్పు:* ఒక వార్త వీగిపోయిందని అన్నిటినీ ఒకే గాటన కట్టడం. *సవరణ:* ఆర్‌ఎక్స్ జె1856 వాదన నిలబడకపోయినా, భారీ నక్షత్రాల కోర్ ప్రశ్న అలాగే ఉంది. రెండు వేర్వేరు ఫైళ్లు.

10. తీర్పును ఒక్క వాక్యంలో రాసి తేదీ వేయండి

నమూనా ఇదీ: "(నక్షత్రం)లో (పదార్థం) ఉందన్న మాట (కొలత) మీద నిలబడింది, (అంచనా) మారితే పడిపోతుంది, (మామూలు కారణం) ఇంకా తోసిపుచ్చలేదు, (ఫలానా కొలత) వచ్చాక మళ్లీ చూడాలి."

నింపితే ఇలా ఉంటుంది: "హెచ్‌ఈఎస్‌ఎస్ జె1731-347 క్వార్క్ నక్షత్రమన్న మాట ఎక్స్‌రే స్పెక్ట్రమ్ మీద నిలబడింది, కార్బన్ పొర, సమాన ఉష్ణోగ్రత, దూరం వీటిలో ఏది మారినా అంకెలు మారతాయి, పొర సంగతి, వేడి మచ్చ సంగతి తేలలేదు, ఇంకా మెరుగైన ఎక్స్‌రే డేటా వచ్చాక మళ్లీ చూడాలి."

వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఆ వార్త పంపితే లింకు కింద ఈ వాక్యం పెడితే సరిపోతుంది.